పైసలన్నీ బ్యాంకులో వేస్తే, బ్యాంకులో పైసలెందుకు లేవు?



2016వ సంవత్సరం చలికాలం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు దసరా నాడు, అక్టోబరు 11న, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. ఆఫీసుల ముందు కట్టిన మామిడి తోరణాలు ఎండి నెల కాలేదు, నవంబరు 8 రాత్రి అయిదు వందల నోటు, వెయ్యి నోటు ఇక చెల్లవన్నారు. పత్తి ఏరుతున్న రోజులు, వరి కోతకు వచ్చిన రోజులు, కూలీలకు ఏ పూటకా పూట రొక్కం ఇవ్వవలసిన రోజులు అవి. బియ్యం డబ్బాలో, పోపుల పెట్టెలో, చీర మడతల్లో ఆపదకని దాచుకున్న నోట్లన్నీ ఆడవాళ్ళు బయటికి తీసి, బ్యాంకుల ముందు బారులు తీరారు.

మహబూబాబాద్‌లో, మన వాడుకలో మానుకోటలో, ఆ వరుసలో నిలబడ్డ ఒక పెద్దమ్మ వేసిన ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఊరి పైసలన్నీ తెచ్చి గీ బ్యాంకులనే ఏస్తిమి గద బిడ్డా! మరి బ్యాంకుల పైసల్లేవంటరేంది? ఎటు పోయినయ్ అవన్నీ?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నిజానికి అది నవ్వవలసిన ప్రశ్న కాదు. దానికి జవాబు తెలిస్తే రిజర్వు బ్యాంకు అంటే ఏమిటో, అది దేశంలోని డబ్బును ఎట్లా అదుపులో పెడుతుందో సగం తెలిసినట్టే. మిగిలిన సగం మన సంఘం అప్పుకూ మన ఇంటి ఖర్చుకూ సంబంధించినది. ఈ వేళ ఆ సంగతులు చెప్పుకుందాం.

ముందుగా ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. డబ్బు రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేతిలో నోటు. రెండోది పాసుపుస్తకంలో అంకె. మీకు బ్యాంకులో ఖాతా ఉన్నట్టే, ఆ బ్యాంకుకూ ఒక ఖాతా ఉంటుంది. అది ఉండేది రిజర్వు బ్యాంకులో. అందుకే రిజర్వు బ్యాంకును బ్యాంకులకు బ్యాంకు అంటారు. మన జనగామ బ్రాంచిలో ఇనప్పెట్టెలో ఉన్న నోట్లు, ఆ బ్యాంకు పేరున రిజర్వు బ్యాంకులో ఉన్న సొమ్ము, ఈ రెండింటినీ కలిపి బ్యాంకు నిల్వలు అంటారు. మిగిలినదంతా అప్పులుగానో, ప్రభుత్వ బాండ్లుగానో బయట తిరుగుతూ ఉంటుంది.

నోట్లు వేసే అధికారం ఎవరిది? ఒక రూపాయి నోటూ నాణేలూ కేంద్ర ప్రభుత్వానివి, తక్కిన నోట్లన్నీ రిజర్వు బ్యాంకువి. ఆ బ్యాంకు 1935 ఏప్రిల్ 1న మొదలయింది, 1949 జనవరి 1న జాతీయమయింది. అయితే మన వైపు ముసలివాళ్ళకు వేరే జ్ఞాపకం కూడా ఉండవచ్చు. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యానికి తన సొంత నాణెం ఉండేది, దాన్ని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. 1941లో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ సిక్కా వ్యవహారం చూసేది. 1956లో దాన్ని రిజర్వు బ్యాంకు తన చేతిలోకి తీసుకుని స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని పేరు మార్చింది, 2017 ఏప్రిల్ 1న అది భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ విధంగా మన ఊళ్ళ డబ్బు కూడా దేశమంతటి డబ్బుతో కలిసి ఒకే చేతి కిందికి వచ్చింది.

ఇక ఆ చెయ్యి ఏం చేస్తుందో చూద్దాం.

పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్క ముంతలో వేసే అలవాటు మన ఇళ్ళలో ఉండేది. రోజూ అందరికీ కడుపునిండా పెడుతూనే, నెల తిరిగేసరికి ఆ ముంతలో ఒక పూట గింజలు మిగిలేవి. రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకులతో ఇట్లాంటి పిడికెడు తీయిస్తుంది. "నీ దగ్గర జనం దాచుకున్న ప్రతి నూరు రూపాయల్లో ఇన్ని రూపాయలు తెచ్చి నా దగ్గర పెట్టు, దాన్ని ఎవరికీ అప్పివ్వకు" అంటుంది. దీన్నే నగదు నిల్వల నిష్పత్తి అంటారు, పేపర్లలో సి.ఆర్.ఆర్. అని రాస్తారు. ఈ సొమ్ము మీద బ్యాంకుకు వడ్డీ రాదు. మన ముంతకూ దీనికీ ఒక్కటే తేడా. మన పిడికిలి ఎప్పుడూ ఒకే కొలత. రిజర్వు బ్యాంకు పిడికిలి పెద్దదీ అవుతుంది, చిన్నదీ అవుతుంది. 1989లో నూటికి 15 రూపాయలు తీయించేది. 2025 నవంబరు నెలాఖరుకల్లా దాన్ని 3 రూపాయలకు దించింది.

ఇది కాక ఇంకొక కట్టు కూడా ఉంది. నూటికి ఇంత అని ప్రభుత్వ బాండ్లలోనో, బంగారంలోనో, రొక్కంగానో బ్యాంకు తన దగ్గరే ఉంచుకోవాలి. దీన్ని ఎస్.ఎల్.ఆర్. అంటారు. 1990లో ఇది ముప్పైఎనిమిదిన్నర రూపాయలు. పైన చెప్పిన 15 కూడా కలిపితే నూటికి యాభైమూడున్నర. అంటే రైతుకూ చేతిపనివారికీ చిన్న వ్యాపారికీ అప్పివ్వడానికి నూటికి సగం కూడా మిగిలేది కాదన్నమాట. ఇది తగ్గించాలని 1991లో ఎం. నరసింహం గారి అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం సిఫారసు చేసింది. ఆయన మన తెలుగువారే, 1977లో కొన్ని నెలలు రిజర్వు బ్యాంకు గవర్నరుగా కూడా పనిచేశారు. ఆ తరువాత రెండు కట్లూ మెల్లమెల్లగా సడలాయి. ఎస్.ఎల్.ఆర్. 2020 ఏప్రిల్‌లో 18కి దిగింది.

పిడికిలి పెద్దదయితే ఏమిటి, చిన్నదయితే ఏమిటి అని మీరడగవచ్చు. ఒక నూరు రూపాయల వెంట నడిచి చూద్దాం. లెక్క తేలికగా ఉండడానికి, తీయించేది నూటికి 10 అనుకుందాం.

జనగామ దగ్గర ఒక రైతు వడ్లమ్మిన సొమ్ములో నూరు రూపాయలు బ్యాంకులో వేశాడు. బ్యాంకు 10 పక్కన పెట్టి 90 రూపాయలు పెంబర్తిలో ఇత్తడి పని చేసే ఒకాయనకు అప్పిచ్చింది. ఆయన ఆ 90 పెట్టి ఇత్తడి రేకు కొన్నాడు. రేకు అమ్మిన షావుకారు ఆ 90 తెచ్చి తన బ్యాంకులో వేశాడు. ఆ బ్యాంకు 9 పక్కన పెట్టి, 81 కేసముద్రం మార్కెట్లో మిర్చి కొనే వ్యాపారికిచ్చింది. ఆ 81 మిర్చి రైతు ఖాతాలో పడింది. అందులోంచి మళ్ళీ 72 రూపాయల 90 పైసలు భూపాలపల్లిలో కుట్టుమిషను కొనుక్కునే చెల్లెలికి అప్పుగా వెళ్ళాయి. రైతు పాసుపుస్తకంలో ఆయన నూరు అట్లాగే ఉన్నాయి. షావుకారు పుస్తకంలో 90, మిర్చి రైతు పుస్తకంలో 81 కూడా ఉన్నాయి. నోటు ఒక్కటి కూడా కొత్తగా అచ్చు కాలేదు. అయినా జనం తమదని చెప్పుకునే డబ్బు పెరిగింది. ఈ వరుస ఆగకుండా చివరిదాకా నడిస్తే నూరు రూపాయలు వెయ్యి అవుతాయి. అదే పిడికిలి 20 రూపాయలయితే అయిదు వందల దగ్గరే ఆగిపోతాయి.

అయితే ఇది పలక మీది లెక్క. బజారులో ఇంత సూటిగా జరగదు. పోపుల పెట్టెలోకి వెళ్ళిన నోటు తిరిగి బ్యాంకుకు రాదు, ఆ వరుస అక్కడే తెగిపోతుంది. తీసుకునేవాడి మీద నమ్మకం లేకపోతే పైకం ఉన్నా బ్యాంకు అప్పివ్వదు. తిరిగి కట్టగల ధైర్యం లేకపోతే మనమూ తీసుకోము. పైగా మంచి గిరాకీ వచ్చినప్పుడు బ్యాంకులు ముందు అప్పిచ్చి, తరువాత నిల్వలు వెతుక్కోవడమూ ఉంది. అందుకని ఈ రోజుల్లో రిజర్వు బ్యాంకు పిడికిలి కొలత మీద కన్నా, ఆ వెతుక్కునే నిల్వల ధర మీద ఎక్కువగా ఆధారపడుతున్నది.

ఆ ధర పేరే రెపో రేటు. పెళ్ళి ఖర్చుకు చేతిలో రొక్కం చాలకపోతే మనమేం చేస్తాం? మెడలోని గొలుసు కుదువబెడతాం. పంట చేతికి రాగానే వడ్డీ కట్టి విడిపించుకుంటాం. బ్యాంకులూ అంతే. వాటి గొలుసులు ప్రభుత్వ బాండ్లు. ఆ బాండ్లు రిజర్వు బ్యాంకు దగ్గర ఒకటి రెండు రోజులకో, కొన్ని వారాలకో పెట్టి నిల్వలు తెచ్చుకుంటాయి. దానికి కట్టే వడ్డీయే రెపో. ఈ వడ్డీ పెరిగితే బ్యాంకు మనకిచ్చే అప్పుల వడ్డీ కూడా పెంచుతుంది. తగ్గితే తగ్గిస్తుంది. పెంచడంలో ఉన్నంత తొందర తగ్గించడంలో కనిపించదనుకోండి!

ఇదిగాక రిజర్వు బ్యాంకు తానే బజారులో బాండ్లు కొంటుంది, అమ్ముతుంది. కొన్నప్పుడు బ్యాంకుల ఖాతాల్లోకి డబ్బు వస్తుంది, అమ్మినప్పుడు ఖాతాల్లోంచి బయటికి పోతుంది. మన ప్రాంతం సంగతే తీసుకోండి. అక్టోబరులో పత్తి, తరువాత వడ్లు, ఫిబ్రవరి నుంచి మిర్చి మార్కెట్‌కు వస్తాయి. ఆ నెలల్లో కూలీకీ, బండి కిరాయికీ, హమాలీకీ నోట్లు కావాలి. పట్నం బ్యాంకుల్లోంచి నోట్లు పల్లెలకు ప్రవహిస్తాయి, బ్యాంకుల నిల్వలు తరుగుతాయి. వానాకాలం వచ్చేసరికి నోట్లు తిరుగుముఖం పడతాయి. దేశమంతటా ఇదే తంతు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఉన్న కాలాన్ని రిజర్వు బ్యాంకు వాళ్ళు పూర్వం రద్దీ కాలమనీ, తక్కిన నెలల్ని మందకొడి కాలమనీ అనేవారు. రద్దీ కాలంలో పోయకపోతే బ్యాంకులు ఎండిపోతాయి, మందకొడి కాలంలో తోడకపోతే పొంగిపోతాయి. పోయడం, తోడడం, ఇదే కేంద్ర బ్యాంకు నిత్యకృత్యం.

ఎందుకీ శ్రమంతా? అంగట్లో సరుకు అంతే ఉండి, కొనేవాళ్ళ చేతుల్లో డబ్బు మాత్రం రెట్టింపయితే ధర పెరగక ఏమవుతుంది? కూలి డబ్బులతో బతికే ఇంటికి ధరలు పెరగడం కన్నా పెద్ద దొంగతనం లేదు. దాచుకున్న నోటు దాచుకున్నట్టే ఉంటుంది, దానికొచ్చే నూనె మాత్రం తగ్గిపోతుంది. అందుకే ధరల పెరుగుదల ఏడాదికి 4 శాతం దగ్గర, అటూ ఇటూ అయితే 2కూ 6కూ మధ్య ఉంచాలని రిజర్వు బ్యాంకుకు 2016లో లక్ష్యం పెట్టారు. రెపో రేటు నిర్ణయించడానికి ఆరుగురితో ఒక కమిటీ కూడా ఆ ఏడే ఏర్పడింది. అయితే వానలు లేక టమాటాలు ఎండిపోతే ఆ ధరను రెపో రేటు దించలేదు. డబ్బు ఎక్కువై పెరిగిన ధరకు ఈ మందు పనిచేస్తుంది, సరుకు లేక పెరిగిన ధరకు అంతగా పనిచేయదు.

పోయడానికీ తోడడానికీ మన తెలుగువారి చేతుల మీదుగా జరిగిన ఒక ఉదాహరణ ఉంది. 2003 నుంచి 2008 దాకా గవర్నరుగా ఉన్న వై.వి. రెడ్డి గారిది కడప జిల్లా. విదేశాల నుంచి డబ్బు వరదలా వస్తున్న రోజుల్లో ఆయన పిడికిలి బిగిస్తూ పోయారు. 2006 చివర 5 దగ్గర ఉన్న సి.ఆర్.ఆర్. 2008 ఆగస్టుకల్లా నూటికి 9కి చేరింది. అప్పుడు దానిమీద విమర్శలూ వచ్చాయి. 2008 సెప్టెంబరు మొదట్లో ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ కుప్పకూలింది. ప్రపంచమంతటా బ్యాంకులు ఒకదానికొకటి అప్పివ్వడానికి భయపడ్డాయి. సుబ్బారావు గారు పిడికిలి విప్పారు. 2009 జనవరికల్లా సి.ఆర్.ఆర్. 9 నుంచి 5కి దిగింది. ఒకరు ముంతలో వేసిన గింజలు, కరువు వచ్చినప్పుడు ఇంకొకరికి అక్కరకొచ్చాయన్నమాట.

ఇప్పుడు మానుకోట పెద్దమ్మ ప్రశ్న దగ్గరికి తిరిగి వద్దాం.

రద్దయిన నోట్ల విలువ చలామణీలో ఉన్న మొత్తంలో సుమారు 86 శాతం. జనం ఆ పాత నోట్లు బ్యాంకులకిచ్చారు, బ్యాంకులు రిజర్వు బ్యాంకు పేరున జమకట్టాయి. రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుల ఖాతాల్లో అంతకంతా అంకె వేసింది. అంటే బ్యాంకుల నిల్వలు వాటి చరిత్రలో ఎన్నడూ లేనంతగా పెరిగాయి. కాని అవన్నీ ఖాతాలో అంకెలు. కౌంటరులో ఇవ్వవలసినవి కొత్త నోట్లు. అవి నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోని ముద్రణాలయాల్లో అచ్చయి, కరెన్సీ చెస్టులున్న బ్రాంచీలకు చేరి, అక్కడినుంచి మన మండలాలకు రావాలి. దానికి నెలలు పట్టింది. పెద్దమ్మ పైసలు ఎటూ పోలేదు. అవి ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మారాయి. తిరిగి మొదటి రూపంలోకి మారే దారి మాత్రం ఇరుకైపోయింది. నోటు రూపంలోనే కూలి తీసుకునే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. పాసుపుస్తకంలో పదివేలున్నా పొయ్యి మీదికి పప్పు రాని రోజులవి.

ఇంకో వింత కూడా అప్పుడే జరిగింది. ఇంత సొమ్ము బ్యాంకుల్లో పేరుకుంటే వడ్డీలు కుప్పకూలుతాయేమోనని, 2016 సెప్టెంబరు 16కూ నవంబరు 11కూ మధ్య పెరిగిన డిపాజిట్లన్నిటికీ సమానమైన సొమ్ము, అంటే నూటికి నూరూ, తన దగ్గర పెట్టమని రిజర్వు బ్యాంకు నవంబరు 26న ఆదేశించింది. పిడికెడు కాదు, ముంతెడూ కాదు, ఆ రెండు నెలల్లో పెరిగిన బియ్యమంతా! డిసెంబరు 10 నుంచి దాన్ని ఎత్తేశారు. ఆ లోపల అదనపు డబ్బును పీల్చుకోవడానికి ప్రత్యేక బాండ్ల పరిమితిని 6 లక్షల కోట్ల రూపాయలకు పెంచారు. చివరికి లెక్క తేలిందేమంటే, రద్దయిన 15 లక్షల 41 వేల కోట్ల రూపాయల్లో 15 లక్షల 31 వేల కోట్లు బ్యాంకులకే తిరిగి వచ్చాయి.

సరే, ఇదంతా తెలుసుకుని మనకేం ఒరిగింది అంటారా? మూడు సంగతులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, అప్పు తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: "ఈ వడ్డీ మారేదా, మారనిదా?" 2019 అక్టోబరు 1 నుంచి మారే వడ్డీతో కొత్తగా ఇచ్చే ఇంటి అప్పుల్నీ చిన్న వ్యాపారాల అప్పుల్నీ రెపో వంటి బయటి కొలతకు ముడిపెట్టాలని నియమం వచ్చింది. 2020 మేలో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి ఆరున్నర అయింది, 2025 డిసెంబరుకు అయిదుంబావుకు దిగింది. లక్ష రూపాయల అప్పు మీద పావు శాతమంటే ఏడాదికి 250 రూపాయలు. దిగినప్పుడు అది మీకు దక్కిందో లేదో పుస్తకం చూపించమని అడిగే హక్కు మీది. పంట రుణాలకూ మహిళా సంఘాల రుణాలకూ నిబంధనలు వేరు, వాటిని సంఘం సమావేశంలో ఒకసారి చదివించుకోండి.

రెండోది, బ్యాంకు నిల్వలుగా పెట్టే పిడికెడు వేరు, మీ సొమ్ముకు ఉన్న భీమా వేరు. బ్యాంకు మునిగితే ఒక బ్యాంకులో ఒక మనిషికి, వడ్డీతో కలిపి, 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్ భీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష రూపాయలే. ఊళ్ళో చిట్టీకి గాని, నోటిమాట మీద ఇచ్చిన పైకానికి గాని ఈ భీమా లేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రిజర్వు బ్యాంకు చెయ్యి ఎంత పొడవైనా అది బ్యాంకుల దాకానే వస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి ఇరవైనాలుగు వేలు, మూడు రూపాయలయితే ముప్పైఆరు వేలు. బొంబాయిలో రెపో రేటు ఎన్నిసార్లు దించినా ఊరి వడ్డీ వ్యాపారి గడప దగ్గర ఆ రెండు రూపాయలు రెండు రూపాయలుగానే ఉంటాయి. బ్యాంకు గుమ్మం ఎక్కిన ఆడమనిషికే పైన జరిగిన మార్పు కిందిదాకా అందుతుంది. ఎక్కనివాళ్ళకు ధరల బాధ మాత్రం అందుతుంది, వడ్డీ తగ్గుదల అందదు.

అందుకని ఆపదకు నాలుగు నోట్లు పోపుల పెట్టెలో ఉంచుకోండి. 2016 చూసినవాళ్ళను వద్దనడానికి నాకు నోరు రాదు. మిగిలినది మాత్రం మీ పేరున, మీ సంతకంతో, మీ పాసుపుస్తకంలో వేసుకోండి. ఈసారి ఎవరైనా పెద్దమ్మ వరుసలో నిలబడి "పైసలెటు పోయినయ్" అని అడిగితే నవ్వకండి. పక్కన నిలబడి, పిడికెడు బియ్యం కథ చెప్పండి.

సెలవు.